గిటారుకు పెట్టిన బొట్లు

ఆ కబురు ముందుగా నాకు తెచ్చింది మా మరదలు. మా ఇల్లూ మా తమ్ముడి ఇల్లూ ఒకే మిట్ట మీద ఉంటాయి, కుళాయి ఇద్దరికీ కలిపి ఒకటే. ఆ పొద్దున బిందె కుళాయి కింద పెట్టి, నేను బియ్యం ఏరుతున్న చోటికి వచ్చి నిలబడింది.

"వదినా, మీ తమ్ముడికి కొత్త సంబంధం కుదిరింది. లౌటోకా పట్నం పిల్ల. ఎర్రగా నిగనిగలాడుతుందట. మండలి పెద్దాయనే మాట్లాడి వచ్చాడు."

"పొద్దున్నే ఏం మాటలే అవి?"

"గిటారు వదినా, గిటారు! మండలికి కొత్తది కొంటున్నారు. చవకగా వస్తోందట. పాతదాన్ని ఇంక మూల పెట్టేయమన్నారు."

నవ్వుతూనే చెప్పింది. చెప్పాక మాత్రం బిందె నిండి పొర్లిపోతున్నా కదల్లేదు.

"వాడికి తెలుసా?" అని అడిగాను.

"నిన్న సాయంత్రమే చెప్పారు. వచ్చి అన్నం కలిపాడు, తినలేదు. 'ఇంక శనివారాలు నాకు ఖాళీయే, ఎడ్లకు గడ్డి కోసుకుంటా' అన్నాడు. ఎందుకంటే చెప్పడు. కొత్తది వస్తుంటే ఏడ్చేవాణ్ణి నేనెక్కడా చూడలేదు."

ఎందుకో నాకు తెలుసు. మరదలికి కూడా పూర్తిగా తెలియదు. తమ్ముడి చేతికి కట్టు కట్టినదాన్ని నేను.

మాది దీవుల దేశం, రాకిరాకి పట్నం పక్కన చెరకు తోటల మధ్య ఊరు. తాతలు ఆంధ్రదేశం నుంచి ఓడెక్కి వచ్చిన ఇళ్ళు అప్పట్లో మా చుట్టుపక్కల ఓ పదిహేను ఉండేవి. అమ్మ పోయేటప్పటికి తమ్ముడికి నాలుగేళ్ళు. వాణ్ణి చూసుకోవడానికి నేను బడి మానేశాను. నాన్న సాయంత్రం పొలం నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వరండాలో పలక పట్టుకుని కూర్చోబెట్టేవాడు. నాకు వచ్చిన తెలుగంతా ఆ వరండాలో వచ్చిందే. బడికి పోలేదని నాకు ఎన్నడూ దిగులు లేదు. నాన్న చేత్తో రాసుకున్న కీర్తనల పుస్తకం చదవగలిగితే చాలు అనుకున్నాను, దేవుడు అంతకంటే ఎక్కువే ఇచ్చాడు.

ఈ దీవులకు స్వతంత్రం వచ్చిన కొత్తలో సింగటోకా వైపు సముద్రపు ఒడ్డున హోటళ్ళు లేచాయి. తమ్ముడు ఒక ఏడాది అక్కడ తోటపనికి వెళ్ళాడు. హోటల్లో పాటలు వాయించే వాళ్ళలో ఒకాయన దీవి వదిలి వెళ్ళిపోతూ తన ఎలక్ట్రిక్ గిటారు ఇస్తానన్నాడు. తమ్ముడు బదులుగా సైకిలు ఇచ్చేశాడు. సైకిలు మీద వెళ్ళినవాడు గిటారు భుజాన వేసుకుని బస్సు దిగాడు. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు, "సరే, తెచ్చావు కదా, దాంతో రాముడి పాట వాయించు" అన్నాడు.

ఆ ఏడాదే చెరకు నరికే రోజుల్లో వాడి ఎడమ చేతి మీద కత్తి పడింది. ఎడమ చేత్తో గెడ పట్టుకుని కుడి చేత్తో నరకాలి కదా. ఆస్పత్రిలో కుట్లు వేశారు. చెయ్యి నిలిచింది, అదే చాలని దణ్ణం పెట్టుకున్నాను. కానీ ఉంగరపు వేలు మళ్ళీ వంగలేదు. చిటికెన వేలికి బలం రాలేదు.

గిటారు ఎడమ చేత్తో నొక్కాలి. వాడు ఏడాదిపాటు ఎవరికీ వినపడకుండా గడ్డివాము దగ్గర కూర్చుని రెండు వేళ్ళతో కొత్తగా నేర్చుకున్నాడు. ఆ గిటారు మెడ సన్నం. తీగలు చెక్కకు ఆనీ ఆననట్టు ఉండేవి, వీణ మెట్లలాగే దానికీ ఇత్తడి మెట్లు, అవి అరిగి నున్నబడ్డాయి. బొటనవేలిని మెడ మీదుగా పైకి తిప్పి లావు తీగను నొక్కేవాడు, మిగతావి రెండు వేళ్ళతో. చూసేవాళ్ళకు అది వాడి పద్ధతి అనిపించేది, లోపమని తెలిసేది కాదు. "నా వేలి సంగతి ఎవరికీ చెప్పకు అక్కా. జాలితో చోటిస్తే నేను కూర్చోలేను" అని నా చేత మాట తీసుకున్నాడు.

ఆ చోటంటే మా భజన మండలిలో చోటు. హార్మోనియం, ఢోలక్, పొడుగాటి ఇనపకడ్డీని కొట్టి వాయించే దండతాల్, వాటి పక్కన మా వాడి గిటారు. కరెంటు రాకముందు సౌండు పెట్టెను లారీ బ్యాటరీకి తగిలించేవాళ్ళు. పాట మొదటి చరణం నేను నాన్న పుస్తకంలోంచి చదివేదాన్ని, మిగతావాళ్ళు అందుకునేవాళ్ళు, వాళ్ళలో చాలామందికి తెలుగు అక్షరాలు రావు. ఇంట్లో, పొలంలో, బజారులో మాటలన్నీ మా ఊరి హిందీలోనే. వారంలో ఆ రెండు గంటలే తెలుగు. తమ్ముడు తక్కిన రోజుల్లో పది మాటలు మాట్లాడితే గొప్ప. ఆ రెండు గంటలు వాడు వేరే మనిషి.

రెండు మూడేళ్ళుగా గిటారు చెడుతూ వచ్చింది. ముందు గరగర. తర్వాత పాట మధ్యలో గొంతు పోవడం, చేత్తో తడితే మళ్ళీ రావడం. సౌండు పెరిగే గుండీ తిప్పితే పెనంలో ఆవాలు చిటపటలాడినట్టు చప్పుడు. చివరికి ఒక ఇంట్లో గృహప్రవేశానికి భజన చేస్తుంటే, సరిగ్గా హారతి ఎత్తేవేళ కీచుమని అరిచింది. ఆ ఇంటి ముసలమ్మ చేతిలో పళ్ళెం ఊగి కర్పూరం కింద పడింది. ఎవరికీ ఏమీ కాలేదు, అమ్మవారి దయ. కానీ మండలి పెద్దాయన ఆ రోజే నిర్ణయం చేసుకున్నాడు.

ఆయన చెడ్డవాడు కాడు. నాకు మేనమామ వరస. మరదలు కబురు చెప్పిన మర్నాడు నేనే వెళ్ళి అడిగాను.

"మామయ్యా, పాతదాన్నే బాగు చేయిస్తే కాదా?"

"అమ్మాయ్, దేవుడి ముందు ఎన్నాళ్ళు గరగరలాడిద్దాం? దాన్ని బాగు చేయించే బదులు ఇంకాస్త వేస్తే కొత్తదే వస్తుంది. వాయించేది మీ తమ్ముడే కదా! నేనేమన్నా వాణ్ణి లేవమన్నానా?"

నా దగ్గర జవాబుంది, చెప్పే హక్కు లేదు. ఆయన లోపలికి వెళ్ళి ఎర్ర గిటారు తెచ్చాడు. నచ్చితే ఉంచుకోండి, లేకపోతే తిరిగి ఇవ్వండి అని కొట్టువాడు పంపాడట. తమ్ముణ్ణి పిలిపించారు.

వాడు వచ్చి, దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మెడ చుట్టూ చెయ్యి వేశాడు. మెడ లావు. తీగలు చెక్కకు వేలెడు ఎత్తున ఉన్నాయి. బొటనవేలు పైకి తిరిగింది గానీ లావు తీగ దాకా అందలేదు. రెండు వేళ్ళతో నొక్కితే తీగ కిందికి దిగక టప్పుమంది. మళ్ళీ పట్టాడు. మూడోసారి పట్టలేదు.

"కొత్త కదా, బిగుతుగా ఉంది" అన్నాడు.

"అలవాటు చేసుకో మరి. కొత్త చెప్పులు కరవవూ?" అని పెద్దాయన నవ్వాడు.

తమ్ముడు కూడా నవ్వి, గిటారును గోడకు ఆనించి, "బాగుంది మామయ్యా. చేతులు బాగున్నవాళ్ళెవరైనా వాయిస్తే ఇంకా బాగుంటుంది. నాకు పొలం పని ఎక్కువైంది" అని లేచి వెళ్ళిపోయాడు. పెద్దాయనకు కోపం వచ్చింది. "చూశావా, మంచికి పోతే ఎంత తలబిరుసో" అన్నాడు నాతో.

ఇంటికి నడిచి వస్తూ దారి పొడుగునా ప్రార్థించాను. కొత్తది రాకుండా చెయ్యమని కాదు. ఏదో ఒక దారి చూపించమని.

మా బజారులో, మిల్లు దారి మలుపున, రేడియోలు బాగుచేసే ఆయన ఒకడు ఉండేవాడు. ఈ నేల మనిషి, ఇక్కడి మూలవాసులైన కాయివీతీ ఆయన. ఇనప రేకుల గది, బయట ఒక బల్ల. వాళ్ళ చర్చి పాటల వాళ్ళ సౌండు పెట్టెలు, మన పెళ్ళిళ్ళ మైకులు, అన్నీ ఆ బల్ల మీదికే వచ్చేవి. మా ఊరి హిందీ మాకంటే వేగంగా మాట్లాడేవాడు. బజారు రోజున తమ్ముణ్ణి బతిమాలి, గిటారును దుప్పట్లో చుట్టించి, అక్కడికి తీసుకెళ్ళాను.

"బులా దీదీ! ఏం తెచ్చావు, బిడ్డనా?" అని వాళ్ళ పద్ధతిలో పలకరించాడు, దుప్పటి చూసి.

"ముసలిదాన్ని," అన్నాడు తమ్ముడు.

తీగలు విప్పి, మరలు తీసి, మీది రేకు ఎత్తాడు. ఎత్తి, లోపలికి వంగి చూశాడు. తర్వాత దాన్ని మా వైపు తిప్పాడు. లోపల పసుపుపచ్చగా అట్టకట్టి ఉంది. అక్కడక్కడ ఎరుపు. ఒక మూల ఎండి కాగితమైన మల్లెరేక.

"భాయీ, దీంట్లో ఎవరు కూర వండారు?"

"చెరకు తోట దుమ్ము," అన్నాడు తమ్ముడు. నా వైపు చూడలేదు.

"ఈ దేశంలో చెరకు తోటల్లో మల్లెపూలు ఎప్పటి నుంచి పూస్తున్నాయి?"

ఆ మట్టి ఏమిటో నాకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

ప్రతి ఏడూ నవరాత్రుల్లో సరస్వతీ పూజ రోజున మండలి వాద్యాలన్నీ మా ఇంట్లో తెల్లబట్ట మీద పెట్టేవాళ్ళం. నాన్న పోయాక ఆ పూజ నా చేతికి వచ్చింది. ఒక్కొక్క వాద్యానికీ తమలపాకుతో పసుపునీళ్ళు చల్లి, గంధం రాసి, బొట్టు పెట్టేదాన్ని. గిటారు తీగల కింద రెండు నల్లటి దిమ్మలు ఉండేవి, ఒక్కో దాని మీద ఆరేసి గుండ్రటి ఇనప చుక్కలు. బొట్టు పెట్టడానికే చేసినట్టు కనబడేవి నాకు. ఆరూ ఆరూ పన్నెండు బొట్లు, తడి కుంకుమతో, వేలు ఒత్తి మరీ పెట్టేదాన్ని. అమ్మవారి పన్నెండు పేర్లు చెప్పుకుంటూ. ఆకుల్లో మిగిలిన పసుపునీళ్ళు పారబోయకూడదని ఆ దిమ్మల పక్కన సందులోకే వంచేదాన్ని. గుండీలు గట్టిగా తిరుగుతుంటే కొబ్బరినూనె చుక్క వేసేదాన్ని. గరగర మొదలయ్యాక, దిష్టి తగిలిందనుకుని, నీళ్ళు ఇంకొంచెం ఎక్కువ పోశాను.

"నేనే భయ్యా," అన్నాను. "నేనే పెట్టాను. పూజకి."

"ఎన్నేళ్ళ నుంచి?"

"పదేళ్ళు ఉంటుంది."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఒక నల్లదిమ్మను పైకి తీసి, దాని చుట్టూ చుట్టి ఉన్న రాగితీగను భూతద్దంలో చూపించాడు. తల వెంట్రుక కంటే సన్నం, వేల చుట్లు. "తీగ అదిరినప్పుడు ఆ అదురును పట్టుకునేది ఇదే దీదీ. పికప్పు అంటారు. నీళ్ళు దిగి, పచ్చగా తుప్పుపట్టి, లోపలెక్కడో తెగింది. గుండీల్లో నూనె, దుమ్ము కలిసి జిగురైంది. చెక్క మాత్రం గట్టిది. మెడ గీత గీసినట్టు ఉంది. ఇలాంటి మెడ ఇప్పుడొచ్చే చవక వాటికి రాదు."

"బాగవుతుందా?"

"అవుతుంది. లోపలి సామానంతా మారాలి. మూడు వారాలివ్వు."

బస్సులో తమ్ముడి పక్కన కూర్చున్నాను. "నీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"కిందటేడు ఒకసారి విప్పి చూశాను."

"మరి చెప్పలేదేం?"

"ఎలా చెప్పమంటావు అక్కా? నువ్వు ఆ బొట్లు పెడుతున్నప్పుడు నీ మొహం నువ్వు చూసుకోలేదు" అన్నాడు. తర్వాత కిటికీ వైపు తిరిగాడు.

ఇంటికి వచ్చి దేవుడి ముందు కూర్చుంటే, దారి ఎక్కడుందో అర్థమైంది. వాడి వేలు సంగతి చెప్పకుండానే గిటారును నిలబెట్టవచ్చు. నా తప్పు చెబితే చాలు. చెప్పడం సులువేమీ కాదు. ఆ పూజకు నా చేతిని నమ్మి అందరూ వాద్యాలు తెచ్చి పెట్టేవాళ్ళు. పెళ్ళిళ్ళకు ముహూర్తపు పళ్ళెం నా చేతే పట్టించేవాళ్ళు. అదంతా పోతుందేమోనని భయపడ్డాను. ఆ భయాన్ని కూడా దేవుడికే చెప్పుకున్నాను.

శనివారం భజన అయ్యాక, మగవాళ్ళు యంగోనా వేరు పొడి నీళ్ళలో కలిపిన గిన్నె చుట్టూ కూర్చున్నారు. మాలో దాన్ని గ్రోగు అంటారు. కొబ్బరి చిప్పలు చేతులు మారుతున్నాయి. తమ్ముడు ఆ రోజు రాలేదు. ఆడవాళ్ళ వైపు నుంచి లేచి నేను అక్కడికి వెళ్ళి నిలబడ్డాను.

"మామయ్యా, గిటారు ముసలిదై చెడలేదు. నేను చెడగొట్టాను."

అంతా చెప్పాను. పసుపునీళ్ళు, పన్నెండు బొట్లు, కొబ్బరినూనె, మల్లెరేక. చిప్ప పట్టుకున్నవాళ్ళు తాగడం మరిచిపోయారు. ముందుగా దండతాల్ కొట్టే ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, నా దండతాల్‌కు కూడా పదేళ్ళుగా నీళ్ళు పోస్తున్నావు. ఇనప కడ్డీ కాబట్టి బతికిపోయింది."

"నా ఢోలక్ ప్రతి నవరాత్రికీ ఎందుకు జలుబు చేసినట్టు మోగుతుందో ఇవాళ తెలిసింది" అన్నాడు ఇంకొకడు.

"హార్మోనియం విప్పండ్రా, లోపల పులిహోర ఉంటుంది!"

అందరూ నవ్వారు. ఆడవాళ్ళ వైపు మా మరదలి నవ్వు అందరికంటే పైన వినబడింది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, నవ్వు కూడా వచ్చింది.

పెద్దాయన మాత్రం నవ్వలేదు. చిప్ప ఖాళీ చేసి కింద పెట్టాడు. "అమ్మాయ్, ఆ పళ్ళెంలో పూలు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. తప్పు నీ ఒక్కదానిదీ కాదు. అయితే ఏమంటావు ఇప్పుడు?"

"నా చేత్తో పాడైంది, నన్నే బాగు చేయించనివ్వండి. పెరటాసి మొదటి శనివారం నాటికి బాగు కాకపోతే మీ ఇష్టం."

పెరటాసి అంటే ఇక్కడ దక్షిణాది వాళ్ళందరం శనివారాలు పెరుమాళ్ళకు ఉపవాసం ఉండే నెల. అప్పటికి మూడు వారాలే ఉంది.

"మొదటి శనివారం," అన్నాడు ఆయన. "అరిచిందో, మరి ఎర్రదే."

ఇంటికి వెళ్ళి తమ్ముడికి చెప్పాను. వాడు చాలాసేపు ఎడ్ల తాళ్ళు సరిచేస్తూనే ఉన్నాడు. "నా కోసం అందరి ముందూ నవ్వులపాలు అయ్యావా?" అన్నాడు.

"నీ కోసం కాదు. నిజం చెప్పాను, అంతే."

ఆ రేడియో ఆయన రోజూ కొట్టు మూసేసి సాయంత్రాలు మా వరండాకు వచ్చేవాడు. సౌండు పెట్టె మా ఇంట్లోనే ఉండటం వల్ల పరీక్షించడానికి అదే వీలు. నేను టీ, ఉడకబెట్టిన కసావా దుంప పెట్టేదాన్ని. తినేముందు కళ్ళు మూసుకుని ఆయన దేవుడికి చెప్పుకునేవాడు. నేను ఆగేదాన్ని.

ముందు పాత పికప్పులకే కొత్త తీగ చుడదామన్నాడు. నా కుట్టుమిషను చక్రానికి దిమ్మను బిగించి, నన్ను మెల్లగా తిప్పమని, తాను వేళ్ళ మధ్య రాగితీగ వదులుతూ కూర్చున్నాడు. ఊపిరి గట్టిగా విడిస్తే తెగే తీగ. మొదటిరోజు తెగింది. రెండోరోజు సగం దాకా వచ్చి తెగింది. మూడోరోజు మరదలు తలుపు వేసిన గాలికి తెగింది.

"నేను వంటింట్లోంచి రాను, ఇక్కడే పడుకుంటా!" అని మరదలు లోపల్నించి అరిచింది.

ఆయన చక్రం వదిలేశాడు. "దీదీ, ఇది ఇంక వద్దు. సింగటోకా హోటల్లో నాకు తెలిసినవాడు ఉన్నాడు. వాళ్ళ దగ్గర ఒక గిటారు చెక్క పగిలి పడి ఉందట. దాని పికప్పులు అడుగుతాను."

కబురు బస్సు డ్రైవరు చేతిలో వెళ్ళింది. సామాను రెండు బస్సులు మారి రావాలి. వారం గడిచింది, రాలేదు. ఈలోపు ఆయన తీగలు బిగించే బిరడాలు మార్చాడు, గుండీలు మార్చాడు, లోపలి వైర్లన్నీ తీసి కొత్తగా టంకం వేశాడు. పాత పసుపును టూత్‌బ్రష్‌తో రాల్చి, ఒక కాగితంలో పొట్లం కట్టి నా చేతికిచ్చాడు. "ఇది నీ దేవుడిది, నేను చెత్తలో వెయ్యలేను" అన్నాడు. నేను దాన్ని తులసి మొదట్లో కలిపాను.

మెట్లు అరిగిపోయాయి, అవి కూడా మార్చేద్దామా అని అడిగాడు. అప్పుడు ఒక్కసారే తమ్ముడు గట్టిగా మాట్లాడాడు. "మెడ జోలికి పోవద్దు. లోపల ఏమైనా చేసుకో. మెడ ముట్టుకోవద్దు." ఆయన వాడి ఎడమ చెయ్యి వైపు ఒకసారి చూశాడు. "సరే భాయీ" అన్నాడు, అంతే. తర్వాత తీగలు ఆనే కట్టను ఇంకో రవ్వ అరగదీశాడు, తీగలు ఇంకా కిందికి దిగేట్టు.

పికప్పులు గురువారం వచ్చాయి, బస్సు డ్రైవరు వంకాయల బుట్టలో పెట్టుకుని తెచ్చాడు. వాటికి పైన వెండిరంగు రేకు మూతలు ఉన్నాయి. పాతవాటి కంటే వెడల్పు, గిటారు చెక్కను ఉలితో తొలవాలి. ఆయన మొదటి దెబ్బ వేస్తుంటే నేను లోపలికి వెళ్ళిపోయాను. తమ్ముడు మాత్రం పక్కనే కూర్చుని రాలుతున్న పొట్టు ఊదుతూ ఉన్నాడు.

శుక్రవారం సాయంత్రం తీగలు కట్టి సౌండు పెట్టెకు తగిలించారు. గరగర లేదు. గుండీ తిప్పితే చప్పుడు లేదు. తమ్ముడు వాయించి మొహం చిట్లించాడు.

"గొంతు మారింది."

"పళ్ళు కట్టించుకున్నవాడి మాట కొంచెం మారదా? తినగలడా లేదా చూడు" అన్నాడు ఆయన.

తమ్ముడు ఇంకో పాట ఎత్తుకున్నాడు. బొటనవేలు పైకి తిరిగి లావు తీగ మీద పడింది. మూడో పాట దగ్గర మొహం చిట్లించడం మరిచిపోయాడు.

ఆయన పనిముట్లు సర్దుకుంటూ నన్ను పిలిచాడు. "దీదీ, మూత లేనివి కూడా ఉన్నాయన్నాడు ఆ హోటలు వాడు, ఇంకా బాగా పలుకుతాయి. నేనే మూతలున్నవి పంపమన్నాను. వీటి మీద బొట్టు పెడితే లోపలికి దిగదు. పొడి బొట్టు పెట్టుకో. నీళ్ళు మాత్రం దాని పక్కన నేల మీద చల్లు."

పూజ మానుకోమని చెబుతాడనే అనుకున్నాను. చెప్పి ఉంటే మానేసేదాన్ని. ఆయన చర్చికి వెళ్ళే మనిషి. నా బొట్లకు చోటు ఎలా మిగల్చాలా అని ఆలోచించి సామాను ఏరుకున్నాడు.

శనివారం నేను ఉపవాసంతోనే వెళ్ళాను. తమ్ముడు తన చోట కూర్చున్నాడు. ఎర్ర గిటారు కూడా ఒక మూల సిద్ధంగా ఉంది. నేను చరణం చదివాను. వాడు అందుకున్నాడు. పాట తర్వాత పాట. హారతి లేచేటప్పుడు అందరి కళ్ళూ దేవుడి మీద లేవు, సౌండు పెట్టె మీద ఉన్నాయి. అది అరవలేదు. హారతి కళ్ళకద్దుకుని పెద్దాయన తమ్ముడి వైపు చూసి, "సరే, ఇంకో పాట ఎత్తు" అన్నాడు. ఆయన పొగడ్త ఎప్పుడూ అంతే.

ఎర్రదాన్ని సోమవారం కొట్టుకు తిప్పి పంపారు, బదులు ఒక మైకు తీసుకున్నారు. పాతదాని రంగు వెలిసిపోయింది, పెళ్ళి ఫోటోల్లో బాగుండదని కొందరు సణిగారు. ఇప్పటికీ సణుగుతారు. ఆ నవరాత్రికి నేను ఆ వెండి మూతల మీద పన్నెండు పొడి బొట్లు పెట్టాను. తమ్ముడు పక్కనే నిలబడి, "నీళ్ళు అక్కా, నీళ్ళు!" అని కాపలా కాశాడు.

అప్పటి నుంచి తమ్ముడు శనివారం భజన మానింది రెండుసార్లే, రెండుసార్లూ జ్వరం వచ్చి. మండలి ఇప్పుడు చిన్నదైంది. నా చూపు తగ్గింది, చరణాలు చూడకుండానే చెబుతున్నాను. వాడి వేలు సంగతి వాడే ఈమధ్య ఒకరోజు గ్రోగు గిన్నె దగ్గర బయటపెట్టాడు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వాడు చెప్పమన్నాడు కాబట్టే ఇది రాయగలిగాను.

ఆ రేడియో ఆయన పోయి చాలా ఏళ్ళయింది. వాళ్ళ ఊరు సముద్రం అవతలి దీవి, కబురు మాకు నెల తర్వాత అందింది, ఆఖరి చూపుకు వెళ్ళలేకపోయాం. ఆ రేకుల గదిలో ఇప్పుడు ఫోన్లు అమ్ముతున్నారు. బతికున్నన్నాళ్ళూ "నీ వల్లే మా వాడు ఆ చోట కూర్చున్నాడు భయ్యా" అని నేనెప్పుడు అనబోయినా, "టీ చల్లారుతోంది దీదీ" అనేవాడు. ఆయనకు పిల్లలు లేరు. నా తర్వాత మా ఇంట్లో ఆయన్ని తలుచుకునేవాళ్ళు ఎందరుంటారో నాకు తెలియదు.

అందుకే ఇది చదివిన మీరు, మీరు కొలిచే దేవుడెవరైనా సరే, దణ్ణం పెట్టుకునేటప్పుడు ఒక్కసారి ఆయన్ని కూడా తలుచుకోండి.